చైన్ లాకు: మోటారు సైకిల్ చైనులో విప్పదగిన లింకు, దాని తనిఖీ

చైన్ లాకు అంటే మోటారు సైకిల్ చైను రెండు కొసలనూ కలిపే లింకు. చైనులోని మిగతా లింకుల పిన్నులను కర్మాగారంలోనే యంత్రంతో నొక్కి తలలు చదును చేస్తారు, అవి చేత్తో ఊడవు. ఈ ఒక్క లింకును మాత్రం అవసరమైనప్పుడు విప్పి మళ్ళీ బిగించుకునేలా చేస్తారు. తయారీదారుల పుస్తకాల్లో దీన్ని మాస్టర్ లింక్, కనెక్టింగ్ లింక్ అని రాస్తారు. హైదరాబాద్ మెకానిక్ షెడ్లలో, విడిభాగాల కౌంటర్ల దగ్గర అందరూ అనేది చైన్ లాకు, లేదా వట్టి లాకు. చైను సైజు చెప్పి లాకు కావాలంటే ఒక చిన్న ప్లాస్టిక్ పొట్లం చేతిలో పెడతారు. అందులో మూడు ముక్కలుంటాయి: రెండు పిన్నులు దిగేసిన ప్లేటు ఒకటి, రెండు రంధ్రాలున్న విడి ప్లేటు ఒకటి, స్ప్రింగు ఉక్కు క్లిప్పు ఒకటి. బండి లాగుడంతా ఒక్కో క్షణం ఈ మూడు ముక్కల మీదుగానే పోతుంది కాబట్టి ఆ క్లిప్పు సరిగా కూర్చుందో లేదో చూడటం మోటారు సైకిల్ నిర్వహణలో విడిగా చెప్పుకోవలసిన పని అయింది.

ఈ వ్యాసం ఆ తనిఖీని ప్రధానంగా హైదరాబాద్‌లోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల వాడకాన్ని దృష్టిలో పెట్టుకుని వివరిస్తుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ నడిపిన దుకాణం వల్ల పేరు వచ్చిన అబిడ్స్, 1907 నాటి రైల్వే స్టేషను చుట్టూ పెరిగిన నాంపల్లి పక్కపక్కనే ఉన్న పాత వ్యాపార కేంద్రాలు. జనరల్ పోస్టాఫీసు కూడలి నుంచి మొజంజాహీ మార్కెట్ మీదుగా నాంపల్లి స్టేషను దాకా రోజంతా రద్దీయే. ఆ రద్దీలో సింహభాగం 100 నుంచి 150 సీసీ మోటారు సైకిళ్ళది. వాటిలో దాదాపు అన్నిటికీ ఉండేది క్లిప్పు లాకే.

నిర్మాణం

నేటి మోటారు సైకిల్ చైను రోలర్ చైను జాతిది. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో బుష్ రోలర్ చైనుకు పేటెంటు తీసుకున్నాడు. అప్పటి నుంచి మూల నిర్మాణం పెద్దగా మారలేదు. పిన్ను, దాని మీద తిరిగే బుష్, బుష్ మీద తిరిగే రోలర్, ఇరువైపులా ప్లేట్లు, అంతే. ఒక లింకు లోపలి ప్లేట్లది, పక్కది బయటి ప్లేట్లది, అలా ఒకటి విడిచి ఒకటి వస్తాయి. లాకు ఎప్పుడూ బయటి ప్లేట్ల లింకే. కాబట్టి చైను రెండు కొసల్లోనూ లోపలి లింకులే ఉండాలి, మొత్తం లింకుల సంఖ్య సరి సంఖ్య కావాలి. బేసి సంఖ్య వచ్చినప్పుడు కలపడానికి వంపు తిరిగిన సగం లింకు ఒకటి దొరుకుతుంది. వ్యవసాయ యంత్రాలకు దాన్ని వాడతారు గానీ మోటారు సైకిల్‌కు అది తగదు.

చైను సైజును మూడంకెల సంఖ్యతో చెబుతారు. మొదటి అంకె ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు ఉన్న దూరం, అంటే పిచ్. దాన్ని అంగుళంలో ఎనిమిదో వంతుల్లో లెక్కిస్తారు. 428 చైనుకు పిచ్ నాలుగు ఎనిమిదో వంతులు, అంటే అర అంగుళం, 12.7 మి.మీ. 520, 525, 530 చైన్లకు అయిదు ఎనిమిదో వంతులు, 15.875 మి.మీ. మిగతా రెండంకెలు రోలర్ వెడల్పును తెలుపుతాయి. మన రోడ్ల మీది 100, 125, 150 సీసీ బండ్లలో ఎక్కువ భాగం 428 చైనువే. సంఖ్య పక్కన హెచ్ అక్షరం ఉంటే ప్లేట్లు మందంగా ఉన్నాయని అర్థం. ఈ అక్షరాన్ని చూడకుండా లాకు కొనడం వల్ల వచ్చే తంటా చిన్నది కాదు. 428 లాకు పిన్ను 428 హెచ్ చైనుకు పొట్టిదవుతుంది, విడి ప్లేటు ఎంత నొక్కినా పిన్ను కొసన గాడి పూర్తిగా బయటపడదు. గాడి సగమే కనిపించిన చోట క్లిప్పును బలవంతంగా తోస్తే అది ఎక్కినట్టే ఉంటుంది, కానీ పట్టు ఉండదు.

లాకులు మూడు రకాలు. మొదటిది విడి ప్లేటు చేత్తోనే జారిపోయే క్లిప్పు లాకు, చిన్న బండ్లలో ఉండేది ఇదే. రెండోదీ క్లిప్పు లాకే. అయితే ప్లేటు రంధ్రాలు పిన్నుల కంటే రవ్వంత బిగువుగా ఉంటాయి, నొక్కే పనిముట్టు లేకుండా దిగదు. మొదటిదాని కంటే ఇది గట్టిది. మూడోది రివెట్ లాకు. దీనికి క్లిప్పు ఉండదు, బోలుగా ఉన్న పిన్ను కొసలను పనిముట్టుతో పువ్వులా విచ్చదీస్తారు. పెద్ద ఇంజన్ల బండ్లకు చైను తయారీదారులు సిఫారసు చేసేది రివెట్ రకాన్నే. 1970ల్లో వాడుకలోకి వచ్చిన ఓ-రింగ్ చైన్లకు లాకు ప్లేట్ల మధ్య నాలుగు రబ్బరు రింగులు కూడా వస్తాయి, పిన్నుకు రెండు చొప్పున. పిన్నుకూ బుష్‌కూ మధ్య గ్రీజు బయటికి రాకుండా అవి కాపాడతాయి.

మోటారు సైకిల్ చైన్ల కొలతలకు, పరీక్షలకు ఐ.ఎస్.ఓ. 10190 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మన దేశంలో పేరున్న తయారీదారుల్లో ఒకటి మురుగప్ప గ్రూపుకు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్. డైమండ్ చైన్ల కోసం ఆ సంస్థ 1960లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరపు డైమండ్ చైన్ కంపెనీతో చేతులు కలిపింది. 1903లో రైట్ సోదరుల విమానంలో ఇంజను నుంచి పంఖాలకు శక్తిని చేర్చిన చైన్లు ఆ అమెరికా కంపెనీవే. ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌కు చెన్నై అంబత్తూరుతో పాటు హైదరాబాద్ శివారు కాజీపల్లిలోనూ చైన్ల కర్మాగారం ఉంది. కోయంబత్తూరుకు చెందిన ఎల్.జి. బాలకృష్ణన్ సంస్థ రోలాన్ చైన్లు మరో పేరున్న రకం.

క్లిప్పు దిశ

లాకు తనిఖీలో మొదట చూడవలసింది క్లిప్పు ఎటు తిరిగి ఉందన్నది. క్లిప్పుకు ఒక కొస మూసి గుండ్రంగా, రెండో కొస చీలి రెండు కాళ్ళుగా ఉంటుంది. చూడటానికి చేపలా ఉంటుంది: గుండ్రటి వైపు తల, చీలిన వైపు తోక. చైను ఎటు నడుస్తుందో చేప అటే ఈదుతున్నట్టు ఉండాలి. అంటే మూసిన కొస ముందు పోవాలి, చీలిన కొస వెనక రావాలి.

కారణం క్లిప్పును ఎక్కించే తీరులోనే ఉంది. మూసిన కొసను మొదటి పిన్ను గాడిలో ఆనించి, వెనక్కి తోస్తే కాళ్ళు కాస్త విచ్చుకుని రెండో పిన్నును దాటి మళ్ళీ ముడుచుకుంటాయి. ఎక్కాలంటే క్లిప్పు చీలిన కొస వైపు జరగాలి, ఊడాలంటే మూసిన కొస వైపు జరగాలి. చైను నడుస్తుండగా ఎగిరిన రాయి, వంగిన చైన్ కవరు అంచు, చుట్టుకున్న తీగ ముక్క ఏదైనా ఎదురు తగిలితే తగిలేది ముందున్న కొసకు. ముందు మూసిన కొస ఉంటే ఆ దెబ్బ క్లిప్పును ఇంకా లోపలికే తోస్తుంది. ముందు చీలిన కొస ఉంటే అదే దెబ్బ క్లిప్పును ఊడదీస్తుంది.

ఇంతవరకు తెలియని మెకానిక్ ఉండడు. పొరపాటు జరిగేది కింది వరస దగ్గర. ఇంజను లాగుతున్నప్పుడు చైను పై వరస వెనక నుంచి ముందుకు నడుస్తుంది, కింది వరస ముందు నుంచి వెనక్కి పోతుంది. కాబట్టి లాకు పై వరసలో ఉన్నప్పుడు మూసిన కొస ముందు చక్రం వైపు చూడాలి. అదే లాకు కిందికి వచ్చాక మూసిన కొస వెనక చక్రం వైపు చూడాలి. వెనక స్ప్రాకెట్ (పళ్ళ చక్రం) వెనక భాగంలో చైను కింది నుంచి పైకి ఎక్కుతుంది గనక అక్కడ మూసిన కొస ఆకాశం వైపు ఉండాలి. ‘మూసిన కొస ముందుకు’ అని బండి ముఖాన్ని చూసి గుర్తుపెట్టుకున్నవాళ్ళు, కింది వరసలో లాకు వేసేటప్పుడు కూడా దాన్ని ముందు చక్రం వైపే తిప్పేస్తారు. అక్కడ అది తలకిందుల దిశ. అనుమానం వస్తే వెనక చక్రాన్ని ముందుకు నడిచే దిశలో చేత్తో తిప్పి, లాకు పై వరసకు వచ్చాక చూడటం మేలు. ఈ లెక్క చైను ఎడమ పక్క ఉన్న బండికీ, కుడి పక్క ఉన్న బండికీ ఒకటే.

బండిని వెనక్కి నెట్టేటప్పుడు చైను ఎదురు దిశలో నడుస్తుంది కదా అని కొందరు అడుగుతారు. జగదీశ్ మార్కెట్ ముందు ఇరుకు పార్కింగులో రోజూ చేసే పనే అది. ఆ వేగం ఏపాటిది కాదు గనక క్లిప్పుకు ముప్పు లేదు. ముందుకు పోయే వేగంలో మాత్రం లెక్క ఇలా ఉంటుంది. వెనక స్ప్రాకెట్‌కు 42 పళ్ళు, చైనుకు 100 లింకులు, 18 అంగుళాల రిమ్ము ఉన్న బండిని తీసుకుంటే గంటకు 40 కి.మీ. వేగంలో లాకు సెకనుకు దాదాపు రెండున్నర సార్లు చుట్టి వస్తుంది. 10 కి.మీ. ప్రయాణంలో రెండు వేల సార్లకు పైనే కవరు పక్కగా దూసుకుపోతుంది. కవరు వంగి ఎక్కడైనా ఆనుతుంటే అన్నిసార్లూ దెబ్బే.

తనిఖీ చేసే పద్ధతి

ఇంజను ఆపాలి, న్యూట్రల్‌లో పెట్టాలి, సెంటర్ స్టాండు వేయాలి. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజను స్టార్టు చేసి గేరు వేసి, తిరుగుతున్న చైనుకు గుడ్డ పట్టి తుడవడం రోడ్డు పక్క కొన్నిచోట్ల ఇప్పటికీ కనిపిస్తుంది. గుడ్డను స్ప్రాకెట్ లాక్కుంటే వేలు కూడా దానితోపాటే పోతుంది. చక్రాన్ని చేత్తోనే తిప్పాలన్న నియమానికి మినహాయింపులు లేవు.

మొదట లాకు ఉన్న చోట మురికి తుడవాలి. ఎండిన గ్రీజు, మట్టి కలిసి గట్టిపడిన పొర కింద క్లిప్పు ఉందో లేదో కూడా తెలియదు. కిరోసిన్‌లో ముంచిన పాత బ్రష్షు చాలు. ఓ-రింగ్ చైనుకు పెట్రోలు, ఇనప తీగల బ్రష్షు వాడకూడదు, రబ్బరు రింగులు దెబ్బతింటాయి. తుడిచాక వరసగా చూడవలసినవి ఇవి.

క్లిప్పు బండికి బయటి వైపు ఉండాలి. లోపలి వైపు, అంటే టైరు వైపు ఉంటే లాకును తిరగేసి వేశారన్నమాట. అలా వేస్తే చూడటానికీ వీలుండదు, మళ్ళీ తీయడమూ కష్టం. తర్వాత దిశ. ఆ తర్వాత గాడులు. రెండు పిన్నుల కొసలూ క్లిప్పు పైకి సమానంగా, రవ్వంత పొడుచుకుని కనిపించాలి. ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా ఉంటే విడి ప్లేటు ఒక పక్క పూర్తిగా దిగలేదని అర్థం. చీలిన కాళ్ళు రెండూ రెండో పిన్నును దాటి, దాని ఇరువైపులా గాడిలో కూర్చుని ఉండాలి. ఒక కాలు గాడిలో, ఇంకో కాలు గాడి అంచు మీద ఉండటం చాలా మామూలు తప్పు. పై నుంచి చూస్తే తెలియదు. పక్క నుంచి, చైను ఎత్తుకు కన్ను దించి చూస్తే క్లిప్పు ఒక వైపు లేచి ఉండటం పట్టుబడుతుంది.

కంటి తర్వాత వేలు. బొటనవేలి గోరును క్లిప్పుకూ ప్లేటుకూ మధ్య దూర్చడానికి చూడాలి. దూరకూడదు. క్లిప్పును వేలితో అటూ ఇటూ తిప్పబోతే కదలకూడదు. చిన్న స్క్రూడ్రైవరుతో మూసిన కొసను మెల్లగా నొక్కి చూడవచ్చు. అది ఇంకాస్త లోపలికి జరిగితే, లేదా టిక్కుమని కూర్చుంటే, అంతదాకా సరిగా ఎక్కలేదన్నమాట. చీలిన కొస వైపు నుంచి మాత్రం ఎప్పుడూ పొడవకూడదు. అది ఊడదీసే దిశ. చాలామంది పరీక్ష పేరుతో చేసేది సరిగ్గా అదే, బాగున్న క్లిప్పును వదులు చేసి పంపిస్తారు.

చివరగా లాకు దగ్గర చైనును చేత్తో మడిచి చూడాలి. మిగతా లింకులు ఎంత తేలిగ్గా మడుస్తున్నాయో అదీ అంతే తేలిగ్గా మడవాలి. బిర్రుగా ఉంటే ప్లేటును అతిగా నొక్కారని, లేదా లోపల తుప్పు ఉందని అర్థం. ఓ-రింగ్ చైనులో అతిగా నొక్కితే రింగు నలిగి పగులుతుంది, గ్రీజు కారిపోతుంది. అందుకే ప్లేటును గాడి కనిపించే దాకానే నొక్కి ఆపాలి. రివెట్ లాకైతే చూసేవి వేరు: పిన్ను కొస చుట్టూ సమానంగా విచ్చుకోవాలి, అంచులో సన్నటి పగులు కూడా ఉండకూడదు, వెర్నియర్‌తో కొలిచిన తల వ్యాసం తయారీదారు ఇచ్చిన హద్దుల్లో ఉండాలి. పగులు కనిపిస్తే సుత్తితో సర్దడానికి వీల్లేదు, ఆ లాకును కోసి తీసేయాల్సిందే.

ఒకసారి తీసిన క్లిప్పును మళ్ళీ వాడకూడదని తయారీదారులు చెబుతారు. తీసేటప్పుడు కాళ్ళు విచ్చుకుంటాయి, స్ప్రింగు గుణం తగ్గుతుంది. షెడ్డులో ఇది అమలు కాదు. చైను కడగడానికి లాకు విప్పిన కుర్రాడు క్లిప్పును నేల మీద పడేయడం, తర్వాత వెతికి, ప్లయరుతో కాళ్ళను దగ్గరికి నొక్కి మళ్ళీ వేయడం మామూలే. కొత్త లాకు ఖరీదు చైను ధరలో చిన్న వంతు. పాత క్లిప్పును మళ్ళీ వేయడాన్ని పొదుపు అనడం నా దృష్టిలో తప్పు. అసలు చైను కడగడానికి లాకు విప్పనవసరమే లేదు. ముందు వైపు స్ప్రాకెట్ మూతను తీసి, చక్రం తిప్పుతూ బ్రష్షుతో కడిగితే సరిపోతుంది.

కవరు చాటు చైను

పాశ్చాత్య దేశాల పుస్తకాలు చెప్పే తనిఖీ మన దగ్గర ఒక చోట ఆగిపోతుంది. అక్కడి మోటారు సైకిళ్ళలో చైను బయటికి కనిపిస్తూ ఉంటుంది. మన 100 సీసీ బండ్లలో చాలావాటికి చైను పూర్తిగా కవరు లోపల ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ళ చీర, చున్నీ చక్రంలో పడకుండా వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. చీర గార్డు పని అదే. పూర్తి చైన్ కవరు దుమ్మునూ బురదనూ ఆపుతుంది, చైను ఆయుష్షు పెంచుతుంది, బట్టలకు మరక అంటకుండా చూస్తుంది. అంతటి మంచి కవరే లాకును కంటికి దూరం చేసింది. 1985లో సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చాక ఈ కవరు ఇంటింటికీ చేరింది. వాటిని నడిపేవాళ్ళలో తమ బండి లాకును ఒక్కసారైనా చూసినవాళ్ళు అరుదు.

కవరుకు రబ్బరు మూత పెట్టిన చిన్న కన్నం ఒకటి ఉంటుంది, చైను వదులు చూడటానికి. లాకును కూడా దాని గుండానే చూడవచ్చు. మూత తీసి, చేతి దీపం వేసి, చక్రాన్ని మెల్లగా తిప్పాలి. పైన చెప్పిన కొలతల బండిలో చక్రం రెండున్నర చుట్లు తిరిగేలోగా లాకు ఒకసారి కన్నం ముందుకు వచ్చి తీరాలి. కన్నం కింది వరస వైపు ఉంటే మూసిన కొస వెనక్కి, పై వరస వైపు ఉంటే ముందుకు ఉండాలి. ఇలా చూస్తే దిశ, క్లిప్పు ఉనికి తెలుస్తాయి. గోరు పరీక్షకు మాత్రం కవరు విప్పాల్సిందే. చైనూ రెండు స్ప్రాకెట్లూ కలిసిన చైన్ కిట్ మార్పించినప్పుడు మెకానిక్ కవరు మూసే ముందు ‘భాయ్, లాకు ఒకసారి చూపించు’ అని అడగడం అన్నిటికంటే సులువు. మంచి మెకానిక్ ఎవరూ ఆ మాటకు నొచ్చుకోరు.

అబిడ్స్–నాంపల్లి రోడ్లలో చైను బతుకు

ఈ రోడ్ల మీద చైనుకు వేగం వల్ల వచ్చే ఇబ్బంది తక్కువ, ఆగి కదలడం వల్ల వచ్చేదే ఎక్కువ. జీపీవో కూడలి నుంచి స్టేషను దాకా బండి ఎక్కువ సేపు మొదటి, రెండో గేర్లలోనే ఉంటుంది. ముందు స్ప్రాకెట్ దగ్గర చైను మీద లాగుడు చిన్న గేర్లలోనే అత్యధికం. క్లచ్ వదిలిన ప్రతిసారీ ఒక కుదుపు వస్తుంది. వెనక హబ్బులోని రబ్బర్లు ఆ కుదుపును మింగుతాయి. అవి అరిగిపోయినప్పుడు దెబ్బ నేరుగా చైను మీద, లాకు పిన్నుల మీద పడుతుంది. గేరు వేసి క్లచ్ వదలగానే వెనక నుంచి టక్కుమని వినిపిస్తే హబ్బు రబ్బర్లు చూపించుకోవాలి.

వానాకాలంలో నీళ్ళు నిలిచిన చోట్ల ఇసుక, మట్టి చైనులోకి చేరి పిన్నునూ బుష్‌నూ సానపట్టినట్టు అరగదీస్తాయి. ఎండాకాలం ముందు దుమ్ము వంతు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పటి నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్ అనే వార్షిక ప్రదర్శన సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. ఆ రోజుల్లో సాయంత్రాలు ఆ చుట్టుపక్కల నడిచే బండి వానాకాలంతో సమానంగా మురికి పడుతుంది. వాడేసిన ఇంజనాయిలు పోయడం ఇక్కడి పాత అలవాటు. దానిలోని ఇనప రజను, మసి చైనుకు మంచివి కావు. 90 నంబరు గేరు ఆయిలు, లేదా చైను కోసమే వచ్చే స్ప్రే వాడి, మిగిలినదాన్ని తుడిచేయడం సరైన పద్ధతి.

అరిగిన చైను సాగుతుంది. నిజానికి సాగేది ప్లేటు కాదు, ప్రతి కీలు దగ్గరా కొంచెం కొంచెం అరుగుదల కలిసి పొడవు పెరుగుతుంది. 428 చైనులో 20 పిచ్‌ల పొడవు కొత్తగా ఉన్నప్పుడు 254 మి.మీ. అది 259 మి.మీ. అయితే రెండు శాతం పెరిగినట్టు, మార్చేయాలి. ఇక్కడ ఒక చిట్కా వైద్యం జరుగుతుంది: రెండు లింకులు కోసేసి, పొట్టి చేసిన చైనును ఇంకో లాకుతో కలపడం. చైను బిగువుగా కనిపిస్తుంది, కానీ అరిగిన పిచ్ అరిగినట్టే ఉంటుంది. స్ప్రాకెట్ పళ్ళ మీద చైను పైకి ఎక్కి కూర్చుంటుంది. పైగా చైనులో ఇప్పుడు రెండు లాకులు, రెండూ చూసుకోవాలి. వెనక చక్రం దగ్గరి చైను సర్దుబాటు గుర్తులు చివరికి చేరాక చైనును రెండు స్ప్రాకెట్లతో సహా కిట్టుగా మార్చడమే పద్ధతి.

వదులు కూడా లాకు సంగతే. సాధారణ కమ్యూటర్ బండికి కింది వరస మధ్యలో 20 నుంచి 35 మి.మీ. వరకు ఆట ఉండాలి, ఖచ్చితమైన కొలత బండి పుస్తకంలో చూసుకోవాలి. మరీ వదులైతే చైను కొట్టుకుంటూ క్లిప్పును కవరుకు రాస్తుంది. మరీ బిగువైతే వెనక ఇద్దరు కూర్చుని గుంతలో పడినప్పుడు చైను మీద, గేరు బాక్సు బేరింగు మీద భారం పడుతుంది. వదులును ఒకే చోట కొలవకూడదు. చక్రం తిప్పుతూ అన్నిటికంటే బిగువైన చోట కొలవాలి.

ఊడితే ఏమవుతుంది

క్లిప్పు ఊడగానే చైను తెగదు. విడి ప్లేటు కొంత దూరం రాపిడి మీదనే నిలుస్తుంది. అదే ప్రమాదం, ఎందుకంటే బండి మామూలుగానే నడుస్తుంటుంది. ప్లేటు మెల్లగా బయటికి జరిగి కవరును గీరడం మొదలుపెడుతుంది. వేగాన్ని బట్టి లయగా, చైను చుట్టుకొకసారి వచ్చే టిక్కు టిక్కు చప్పుడు దాని మొదటి సూచన. కవరు లోపలి వైపు వరస గీతలు, క్లిప్పు పై ముఖం అద్దంలా మెరవడం రెండో సూచన. ప్లేటు కూడా పోతే లాకు పిన్నులు వంగి చైను విడిపోతుంది. అదృష్టం బాగుంటే చైను రోడ్డు మీద పడి బండి జారుతూ ఆగుతుంది. బాగోకపోతే ముందు స్ప్రాకెట్ దగ్గర పోగుపడి ఇంజను పెట్టె గోడను పగలగొడుతుంది, లేదా వెనక చక్రం పట్టేస్తుంది. చక్రం పట్టేస్తే బండి పడిపోవడం దాదాపు ఖాయం.

మోటోక్రాస్ పందేల వాళ్ళు క్లిప్పు మీద సిలికాన్ జిగురు చుక్క వేయడమో, సన్నటి తీగ చుట్టడమో చేస్తారు. సరిగా ఎక్కిన క్లిప్పుకు అది అదనపు కాపలా, సరిగా ఎక్కని క్లిప్పుకు మందు కాదు.

కొనుగోలు, రవాణా

ఈ ప్రాంతానికి దగ్గరలో విడిభాగాలకు పుత్లీబౌలి, జాంబాగ్ దుకాణాలు, సికింద్రాబాద్ వైపు రాణీగంజ్ పేరు పొందినవి. కిట్ కొన్నప్పుడు లాకు పెట్టెలోనే వస్తుంది. విడిగా కొనేటప్పుడు చైను ప్లేటు మీద చెక్కిన సైజునూ తయారీదారు గుర్తునూ చదివి, అదే తయారీదారు లాకును అడగాలి. పిచ్ ఒకటే అయినా ఒకరి చైనుకు ఇంకొకరి లాకు పిన్ను మందం, పొడవు సరిపోకపోవచ్చు. కౌంటరు మీదనే పిన్నును చైను రంధ్రంలో దూర్చి చూడటానికి దుకాణదారులు అభ్యంతరం చెప్పరు.

నాంపల్లి స్టేషను నుంచి రైల్లో బండిని పార్సిలు చేసేవాళ్ళకు ఒక మాట. పెట్రోలు పూర్తిగా తీసేసి, గోనె సంచులు చుట్టి పంపుతారు. ఎక్కించడంలో దించడంలో చైన్ కవరు నొక్కుకుపోవడం అరుదేమీ కాదు. అవతలి ఊళ్ళో బండి దించుకున్నాక పెట్రోలు పోసే ముందే చక్రం చేత్తో తిప్పి, కవరు చైనుకు ఆనడం లేదని, లాకు పక్కన గీతలు లేవని చూసుకోవాలి.

కొత్త లాకు వేసిన తర్వాత మొదటి 50, 100 కి.మీ. లోపు ఒకసారి, ఆపైన చైనుకు ఆయిలు వేసిన ప్రతిసారీ క్లిప్పును చూస్తే చాలు. నగరం దాటి దూరం పోయేవాళ్ళు బండి చైను సైజుకు సరిపడే ఒక లాకు పొట్లం, ఒక ముక్కు ప్లయరు సీటు కింద పెట్టుకోవాలి. రాత్రివేళ హైవే పక్క దుకాణంలో మన సైజు లాకు దొరుకుతుందన్న నమ్మకం లేదు.